నాటు కట్టా, పిండికట్టా, ఆపరేషనా: విశాఖలో ఎముక విరిగితే

మొన్న కార్తీక మాసంలో మా అమ్మ సింహాచలం మెట్లు దిగుతూ జారి, కుడిచెయ్యి ఆనించి పడింది. ఇంటికి తీసుకొచ్చేసరికి మణికట్టు దగ్గర చెయ్యి గరిటెలా వంకర తిరిగి ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది. ఆవిడ మాత్రం, "ఏటీ నేదురా, బెణికింది. పసుపూ సున్నం పట్టించి గుడ్డ కట్టీ, పొద్దుటికి తగ్గిపోద్ది" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పక్కింటి పిన్నిగారు పుత్తూరు కట్టు, అదే ఆకుపసరు నాటు కట్టు, కట్టించమన్నారు. మా బావ గాజువాక నించి ఫోన్ చేసి ప్లేటు వేయించెయ్యమన్నాడు. మేడమీద అద్దెకుండే పోర్టు ఉద్యోగి సర్కారు పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) మించింది లేదన్నాడు. అరగంటలో నాలుగు సలహాలు వచ్చాయి. ఎక్స్‌రే మాత్రం ఇంకా ఎవరూ తియ్యలేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. మద్దిలపాలెం వైపు చిన్న గదిలో 17 ఏళ్ళుగా ఇదే పని. కట్టు విప్పాక, కుట్లు తీశాక, "చెయ్యి మడత పడట్లేదు సార్" అంటూ వచ్చేవాళ్ళే నా పేషెంట్లు. ఎవరు ఏ దారిన వెళ్ళి ఎక్కడ తేలారో చివర్లో కనబడేది నాకే. ఇన్నేళ్ళలో నాకు బోధపడింది ఇది: ఏం విరిగింది, విరిగిన ముక్క పక్కకి జరిగిందా అన్నది ముందు తేలాలి, ఎక్కడికి వెళ్ళాలన్నది ఆ తర్వాత. జరగని ఎముకని కదలకుండా ఉంచితే చాలు, ఎవరు కట్టినా అతుకుతుంది. మన ఊళ్ళో ప్రతి కట్టుకీ ఒక మహిమ కథ పుట్టింది అందుకే. జరిగిన ఎముక దగ్గరే కట్టేవాడి చెయ్యి, దాని వెనక ఎక్స్‌రే ఉందా లేదా అన్న తేడా బయటపడతాయి.

బెణుకా, విరుపా?

"వేళ్ళు కదుపుతోంది, విరగలేదులే" అనే మాట వారానికోసారైనా వింటాను. వేళ్ళని కదిపేవి నరాలూ, కండలూ, కండని ఎముకకి కట్టే తాళ్ళలాంటి స్నాయువులూ. మణికట్టు ఎముక రెండు ముక్కలైనా వేళ్ళు కదులుతాయి. "కుంటుతూనైనా నడుస్తున్నాడు" అన్నదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు, చిన్న ఎముక చిట్లినా నడిచేవాళ్ళున్నారు.

చీలమండకి మాత్రం ఒక మంచి లెక్క ఉంది. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో తయారుచేసింది, ఇప్పటికీ క్యాజువాలిటీల్లో వాడతారు. కాలు మడత పడ్డ వెంటనే, మళ్ళీ డాక్టరు చూసేటప్పుడు కూడా, రెండుసార్లూ 4 అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తియ్యాలి. చీలమండకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచుని కింద నించి 6 సెంటీమీటర్ల మేర నొక్కినప్పుడు ఎముక మీదే నొప్పి ఉన్నా తియ్యాలి. పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకీ నడుమ ఒక బొడిపె తగులుతుంది. దాన్నీ, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే ఎముకనీ నొక్కి చూడండి. ఇవేవీ లేవంటే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చిన్నపిల్లలకీ, షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్ళకీ, మందు తాగి పడ్డవాళ్ళకీ ఈ లెక్క పనికిరాదు. వాళ్ళకి నేరుగా ఎక్స్‌రేనే.

బండి మీంచి పడి అరచెయ్యి ఆనించిన కుర్రాళ్ళ సంగతి ఇంకో రకం. బొటనవేలిని పైకెత్తితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందన్నా సంతోషపడొద్దు. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లితే మొదటిరోజు ఫిల్ములో కనబడకపోవచ్చు. కట్టు వేసి, 10 నించి 14 రోజులకి మళ్ళీ తీసి చూస్తారు. ఆ ఎముకకి రక్తం ఒక కొసనించే ఎక్కువగా వస్తుంది. పట్టించుకోకపోతే రెండో ముక్క రక్తం అందక పాడైపోతుంది. 25 ఏళ్ళకే మణికట్టు అరిగిపోయిన కుర్రాణ్ణి చూస్తే నాకు వాడి బండి మీద కోపం రాదు, "బెణుకేలే" అన్నవాళ్ళ మీద వస్తుంది.

బెణుకే అయితే: ఐసా, కాపడమా, మాలీషా?

మొదటి 2 రోజులు ఐసు. గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. చర్మానికి నేరుగా పెడితే మంచుకాలుతుంది. కాపడం, వేన్నీళ్ళు, ఆముదం పట్టీ వాపు తగ్గాకే. వేడి తగిలితే లోపల రక్తం ఇంకా ఊరి వాపు పెరుగుతుంది. పసుపూ సున్నం పట్టు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, సున్నం ఎక్కువై చర్మం కాలితే తప్ప. మెడికల్ షాపులో దొరికే డైక్లోఫినాక్ జెల్ బెణుకు నొప్పికి నిజంగానే పనిచేస్తుంది. అదే డైక్లోఫినాక్ మాత్రలు చీటీ లేకుండా కొనుక్కుని 10 రోజులు మింగడం వేరే సంగతి. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, గ్యాస్ పుండు ఉన్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. ముందు పారాసెటమాల్ చాలు.

మాలీషు దగ్గర మాత్రం నేను మొహమాటపడను. మూడేళ్ళ కిందట భీమిలి వైపు నించి పన్నెండేళ్ళ గుంటణ్ణి తీసుకొచ్చారు. మోచెయ్యి దెబ్బ తగిలితే 20 రోజులపాటు నువ్వులనూనె రాసి, రోజూ బలవంతంగా మడిచి చాచి పట్టారట. వాడు నా బల్లమీద కూర్చుని చెయ్యి చాచమంటే సగంలో ఆగిపోయింది. కండ మీద వేలు పెడితే లోపల రాయిలా తగిలింది. దెబ్బ తిన్న కండని అలా నలిపితే ఆ నెత్తురు గడ్డలోనే ఎముక పుడుతుంది, మోచెయ్యి దగ్గర మరీను. ఆ గుంటడికి మళ్ళీ అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళడానికి ఏడు నెలలు పట్టింది. పూర్తిగా చాచడం ఇప్పటికీ రాదు. మోచెయ్యి దెబ్బకి మాలీషు చేస్తామని ఎవరన్నా అంటే ఇంటికి రానివ్వకండి.

క్రేపు బ్యాండేజీ, బ్రేసు, పిండికట్టు: ఈ మూడింటిలో మామూలు చీలమండ బెణుక్కి నా ఓటు బ్రేసుకి. క్రేపు చుట్టేవాళ్ళు వేళ్ళ మొదటినించి పైకి చుట్టాలి, రాత్రి విప్పెయ్యాలి. చీలమండ దగ్గర బిగించి వేళ్ళ దగ్గర వదిలేస్తే వాపంతా పాదంలోకి దిగుతుంది. బెణుక్కి నెలరోజులు పిండికట్టు వేయించుకున్నవాళ్ళకంటే, బ్రేసుతో వారంలోపే మెల్లగా నడక మొదలుపెట్టినవాళ్ళే త్వరగా పనికి వెళ్తారు. కీలు దగ్గర ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగితే కొన్నాళ్ళు కట్టో బూటో అవసరపడొచ్చు, అది డాక్టరు చూసి చెప్పాలి. చిన్న సాగుడైతే 1, 2 వారాలు, సగం తెగితే 3 నించి 6 వారాలు, పూర్తిగా తెగితే నెలలు. నొప్పి పోయాక పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. ఒకసారి మడత పడ్డ కాలు మళ్ళీ మళ్ళీ మడత పడేది ఆ నిలకడ తిరిగి రాకే.

మొదటి వారంలోనే ఎమ్మారైకి పరిగెత్తక్కర్లేదు, రెండు చోట్ల మాత్రం డాక్టరుకి వెంటనే చూపించాలి. ఆటలో మోకాలు తిరిగి టప్‌మని చప్పుడు వచ్చి, గంటా రెండు గంటల్లో మోకాలు బంతిలా ఉబ్బితే, లోపల రక్తం చేరిందన్నమాట. లిగమెంటు తెగి ఉండొచ్చు. పిక్క కింద, మడమ పైన వెనకనించి ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, మునివేళ్ళ మీద లేవలేకపోతే, అది తెగిన స్నాయువు. ఆర్కే బీచ్‌లో చాలా రోజుల తర్వాత షటిల్ ఆడే నలభై ఏళ్ళ వాళ్ళు ఇలా వస్తుంటారు. దానికి పాదం కిందికి వంచి వేసే కట్టూ ఉంది, ఆపరేషనూ ఉంది. రెండు దారులూ మంచివే, ఆలస్యం మాత్రం దేనికీ మంచిది కాదు.

విరిగితే: పుత్తూరు కట్టు సంగతి

పుత్తూరు తిరుపతి దాటాక చెన్నై దారిలో ఉంది. అక్కడి కట్టుకి తరాల పేరు ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ ఊరు పేరుతో ఆంధ్రాలో ప్రతి టౌన్‌లోనూ బోర్డులున్నాయి. బోర్డు రాసుకోవడానికి పుత్తూరులో నేర్చుకున్నట్టు ఎవరికీ చూపించక్కర్లేదు.

పాదం వేలు చిట్లింది, చిటికెన వేలు జరగకుండా విరిగింది: ఇలాంటివాటికి ఆ కట్టూ పనిచేస్తుంది, అసలు కట్టు లేకపోయినా చాలావరకు అతుకుతాయి. గ్రామంలో కూలికి వెళ్ళేవాళ్ళు మూడు కట్లతో పని అయిపోతుందనీ, ఆపరేషన్ అనరనీ అటు మొగ్గడం నాకు అర్థమవుతుంది. ఆస్పత్రిలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు, కట్టు దగ్గర భుజం తట్టి మాట్లాడతారు. ఆ తేడా చిన్నది కాదు.

భయం ఎక్కడంటే, బిగుతు. 1881లో ఫోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్, బిగుతు కట్ల కింద రక్తం అందక కండలు చచ్చి వేళ్ళు పక్షి గోళ్ళలా వంకరపోవడం గురించి రాశాడు. ఆ చేతిని నేను ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో చూస్తాను, ఎక్కువగా మోచేతి పైన విరిగిన పిల్లల్లో. అక్కడ విరిగిన ముక్క ముందు నించి వెళ్ళే రక్తనాళాన్నే నొక్కుతుంది, పైన బద్దలు బిగిస్తే ఇక చెప్పేదేముంది. కాబట్టి పిల్లల మోచెయ్యి ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ నాటు కట్టుకి కాదు.

ఎవరు కట్టినా, పిండికట్టైనా ఫైబర్ కట్టైనా, ఇంటికి వచ్చాక చూడాల్సింది ఇది. బయటికి కనబడే వేలిగోరు నొక్కి వదలండి. తెల్లబడి, 2 సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. పేషెంటు వేళ్ళని మీరు మెల్లగా వెనక్కి చాపి చూడండి. మాత్ర వేసుకున్నా ఆగని సలుపు, వేళ్ళు చాపితే అరిచేంత నొప్పి, తిమ్మిరి, వేళ్ళు చల్లబడడం, వీటిలో ఏది కనబడినా పొద్దున్న దాకా ఆగొద్దు. కండ 6 గంటలు దాటితే బాగుపడని స్థితికి వెళ్ళిపోతుంది. రాత్రి 2 గంటలైనా కట్టు విప్పించాలి, విరిగిన ఎముక సంగతి తర్వాత చూసుకోవచ్చు.

స్లాబు, పిండికట్టు, ఫైబరు

మొదటి కొన్ని రోజులు వాపు పెరుగుతుంది కాబట్టి ఒకవైపే గట్టిగా ఉండే స్లాబు వేస్తారు. "సగం కట్టే వేశారు, డబ్బులకోసం రెండోసారి రమ్మన్నారు" అని గొణగకండి. వాపు తగ్గాక నిండు కట్టు. పిండికట్టు చవక, ఎముక ఆకారానికి చక్కగా ఒదుగుతుంది, ముక్కని లాగి సరిచేసినప్పుడు డాక్టర్లు దాన్నే ఇష్టపడతారు. కానీ పూర్తిగా ఆరడానికి 2, 3 రోజులు, మన సముద్రపు తేమలో ఇంకా నిదానం. ఫైబరు తేలిక, గంటలోపే గట్టిపడుతుంది, ఎక్స్‌రేలో ఎముక స్పష్టంగా కనబడుతుంది, ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ. "నీళ్ళు తగిలినా ఏం కాదు" అన్నది సగం నిజం. పైన ఫైబరుకి ఏం కాదు, లోపలి దూది నానిపోతుంది. మే నెల విశాఖలో ఆ దూది వాసన ఎలా ఉంటుందో కట్టు కోసే గదిలో నిలబడ్డవాళ్ళకి తెలుసు. దురద పుడితే స్కేలూ, అల్లికసూదీ దూర్చకండి. లోపల గీరుకుపోయి పుండు పడితే కట్టు విప్పేదాకా ఎవరికీ కనబడదు. పైనించి తట్టండి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి ఊదండి.

ఆపరేషన్: తప్పనివి, తప్పించుకోగలిగేవి

తప్పనివి చెబుతాను. పెద్దవాళ్ళ తొడ ఎముక, రాడ్డు వేస్తే తప్ప నిలవదు. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగితే పెద్దవాళ్ళకి ప్లేట్లే. కీలు లోపలికి పగులు వెళ్ళి మెట్టు పడితే సరిచెయ్యాలి, లేకపోతే ఆ కీలు అరిగిపోతుంది. చర్మం చీరుకుని ఎముక బయటపడితే అసలు చర్చే లేదు. గుడ్డ కప్పి, ఏ ఆకూ పసరూ పుయ్యకుండా, 108లో పెట్టి తీసుకెళ్ళాలి. యాంటిబయాటిక్ ఎంత త్వరగా, గంటలోపే పడితే అంత మంచిది. టెటనస్ సూదీ వేయించాలి.

తుంటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రేమ వల్లే తప్పు చేస్తాం. డెబ్బై ఎనభై ఏళ్ళ ముసలావిడ బాత్రూమ్‌లో పడి కాలు బయటికి తిరిగి, పొట్టిగా కనిపిస్తుంటే, "ఈ వయసులో ఆపరేషనా, కత్తి పెట్టొద్దు, మంచం మీద ఉంటుందిలే" అంటారు కొడుకులు. మంచమే ఆవిణ్ణి చంపుతుంది. వీపు పుండ్లు, నిమోనియా, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం. తుంటి ఆపరేషన్ వయసు తక్కువ వాళ్ళకంటే వయసు మళ్ళినవాళ్ళకే ఎక్కువ అవసరం. గుండె, షుగరు చూసుకుని, వీలైతే 24 నించి 48 గంటల్లో చేయిస్తే మర్నాడే వాకరు పట్టుకుని నిలబెడతాం.

ఇక తప్పించుకోగలిగేవి. మెడకింద అడ్డంగా ఉండే కాలర్ బోన్ చాలావరకు చేతికి జోలె కట్టుకుంటే అతుకుతుంది. రెండు భుజాలూ వెనక్కి లాగి కట్టే ఎనిమిది అంకె బ్యాండేజీ జోలెకంటే మెరుగేం కాదు, చంకల్లో ఒరుసుకుపోవడం అదనం. ముక్కలు బాగా దూరమైతే మాత్రం ప్లేటు గురించి మాట్లాడాలి. మోకాలి కింది పెద్ద ఎముక జరగకుండా విరిగితే కట్టుతోనూ అతుకుతుంది, కానీ మూడు నాలుగు నెలలు. రాడ్డు వేస్తే మోకాలు బిగుసుకోదు, ముందే నడవొచ్చు. ఆటో తోలేవాడూ, ఫిషింగ్ హార్బర్‌లో బోటెక్కేవాడూ ఆ నెలల కూలి లెక్క కూడా వేసుకోవాలి.

మా అమ్మ చేతికి ఇదే ప్రశ్న వచ్చింది. ఎముక వెనక్కి జరిగింది, కీలులోకి పగులు లేదు. 65 దాటినవాళ్ళలో మణికట్టు విరుపుకి ప్లేటు వేస్తే ఎక్స్‌రే అందంగా వస్తుంది, ఏడాది తర్వాత చెయ్యి చేసే పనిలో మాత్రం కట్టుకీ ప్లేటుకీ పెద్ద తేడా ఉండదు. ఇది పరిశోధనల్లో పదేపదే తేలింది. మా డాక్టరు మత్తిచ్చి లాగి సరిచేసి పిండికట్టు వేశాడు. వారానికి ఒకటి, మళ్ళీ వారానికి ఇంకొకటి ఎక్స్‌రే తీశాం, ముక్క జారిందేమోనని. ఆ రెండో ఎక్స్‌రే మానేసేవాళ్ళే ఎక్కువ, వంకరచేతులు అక్కణ్ణించే వస్తాయి. అదే నలభై ఏళ్ళ టైలరు చెయ్యైతే నేను ప్లేటు వైపే మొగ్గేవాణ్ణి.

స్టీలా టైటానియమా అని బిల్లింగ్ కౌంటర్ దగ్గర అడుగుతారు. ఎముక అతకడంలో తేడా నేను చూడలేదు. తర్వాత ఎమ్మారై తీస్తే టైటానియం దగ్గర బొమ్మ కాస్త స్పష్టంగా వస్తుంది. డబ్బు చూసుకునే నిర్ణయం అది. పెద్దవాళ్ళలో ప్లేట్లు ఇబ్బంది పెట్టకపోతే తీయించక్కర్లేదు.

ఎక్కడికి?

కేజీహెచ్ 1923 నించీ ఉంది, ఉత్తరాంధ్ర మొత్తం యాక్సిడెంట్లు అక్కడికే వస్తాయి కాబట్టి వాళ్ళు చూడని విరుపు లేదు. ఒకటికి మించి ఎముకలు విరిగి, తలకీ పొట్టకీ దెబ్బ తగిలితే పెద్దాస్పత్రే సరి, చిన్న నర్సింగ్‌హోమ్‌లో ఆగి టైము పోగొట్టకండి. కానీ అత్యవసరం కాని ఆపరేషన్‌కి వంతు కోసం ఎదురుచూడాల్సి రావొచ్చు. హనుమంతవాకలో ఇంకో సర్కారు ఆస్పత్రి విమ్స్ ఉంది. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకి మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రి. ఆరిలోవ హెల్త్ సిటీ, రామ్‌నగర్ ప్రైవేటు ఆస్పత్రుల్లో ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మొన్నటి ఆరోగ్యశ్రీ, ఏ ఆపరేషన్లకి వర్తిస్తుందో చేరకముందే అక్కడి మిత్ర డెస్కులో అడగండి, చేరాక కాదు. రోడ్డు ప్రమాదమైతే 2025 నించి కేంద్ర పథకం కింద మొదటి 7 రోజులకి లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం ఉంది. పోలీసు రిపోర్టూ, ఆస్పత్రిలో రాసే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) ఎంట్రీ అవసరపడతాయి, వాటికి బద్ధకించకండి. ఎక్స్‌రే ఫిల్ములు పారెయ్యకండి, మొదటి ఫిల్ము లేకపోతే చివరి ఫిల్ము చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

తిండి గురించి అడక్కుండా ఎవరూ వెళ్ళరు. మేక కాళ్ళ సూపు తాగండి, రుచిగా ఉంటుంది. ఎముకలోని కాల్షియం దానిలోకి పెద్దగా దిగదు. చోడి (రాగి) అంబలి, గుడ్డు, పాలు, ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు నయం. విటమిన్ డి టెస్టు చేయించండి. చుట్ట, సిగరెట్టు, మన పల్లెల్లో అమ్మమ్మల అడ్డపొగ కూడా, అతుకుని ఆలస్యం చేస్తాయి. 50 దాటిన ఆడవాళ్ళకి నిలబడ్డ ఎత్తు నించి పడి ఎముక విరిగితే, ఎముకల గుల్లతనం ఉందేమో డెక్సా స్కాన్ అడగండి. మణికట్టు తర్వాత వంతు తుంటిదే కాకుండా చూసుకోవడానికి.

అమ్మకి 6 వారాలకి కట్టు కోశారు. రంపం చప్పుడుకి కళ్ళు మూసుకుంది, అది చర్మాన్ని కొయ్యదని ముందే చెప్పినా సరే. లోపల చెయ్యి సన్నగా, పొలుసులు రాలుతూ, ఎవరిదో చెయ్యిలా ఉంది. నా గదిలో బంతులూ రబ్బరు బ్యాండ్లూ ఉన్నాయి, ఆవిడకి ఒక్కటీ నచ్చలేదు. చిన్న తువ్వాలు తడిపి పిండమన్నాను. మొదటిరోజు నాలుగు చుక్కలు రాలాయి. సంక్రాంతికి తన చీర తనే పిండి ఆరేసుకుంది. తాళం తిప్పడానికి మాత్రం ఇంకా ఎడం చెయ్యే వాడుతోంది.